పాలు మానిన దూడలు, మెల్‌బోర్న్ పెరడు

బలరాముడికి అనుమానం వచ్చింది. గోవర్ధనం మీద మేస్తున్న ఆవులు ఉన్నట్టుండి మేత వదిలేశాయి. కింద ఊరి పొలిమేరలో దూడలు కనబడ్డమే తడవు, తోకలెత్తుకుని, బండలూ ముళ్లూ లెక్కచేయకుండా కొండ దిగి పరిగెత్తాయి. దూడల ఒళ్లు నాకుతూ పాలు చేపాయి. ఆవు దూడకు పాలివ్వడంలో వింతేముంది అనిపించవచ్చు. వింతంతా ఆ దూడల వయసులో ఉంది. అవి పాలు మానేసి గడ్డి మరిగిన దూడలు. వాటి తల్లులు మళ్లీ ఈనాయి, వాటికి లేగలున్నాయి. పశువులున్న ఇళ్లలో మనం ఎరిగిన ఆవు వేరు: ఎదిగిన దూడ పొదుగు దగ్గరకొస్తే కాలు విసురుతుంది, కొమ్ము చూపుతుంది. ఈ ఆవులు మాత్రం చంటిదాన్ని కాదని ఎదిగినదాన్ని వెతుక్కుంటూ వచ్చాయి.

భాగవతం దశమ స్కంధంలో బ్రహ్మ చేసిన మాయ కథ ఇది. కృష్ణుడి మహిమేమిటో చూడాలని బ్రహ్మ దూడల్నీ వాటిని కాసే గోపబాలుర్నీ ఎత్తుకుపోయి దాచాడు. కృష్ణుడు కిమ్మనకుండా తానే అన్ని దూడలూ అందరు పిల్లలూ అయి, సాయంత్రానికి ఎవరింటికి వాళ్లుగా చేరాడు. తల్లులు గుమ్మాల్లోకి ఎదురొచ్చి ఎత్తుకుని, పాలు చేపుకొచ్చి, పిల్లలకు తాగించారు. ఎంతెంత పిల్లలు? ఈ లీల కృష్ణుడి అయిదో ఏట జరిగితే, పిల్లలు ఇళ్లలో దాని ముచ్చట ఆరో ఏట చెప్పారని భాగవతమే అంటుంది. అంటే దూడల వెంట అడవికి పోయి, చద్దిమూటలు విప్పుకుని తిని వచ్చే వయసు. ఇది ఏడాది సాగింది. ఏడాది నిండడానికి ఇంకా అయిదారు రాత్రులున్నాయనగా ఆవుల పరుగు బలరాముడి కంట పడింది. చన్ను మానిన బిడ్డల మీద వ్రేపల్లెకు ఇంత ఆపేక్ష ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందని ఆయన ఆలోచనలో పడ్డాడు.

ఇక మెల్‌బోర్న్. గ్రీకు వలస కుటుంబంలో 1965లో పుట్టిన క్రిస్టోస్ త్సియోల్కాస్ 2008లో రాసిన నవల 'ది స్లాప్'. హెక్టర్ అనే గ్రీకు మూలాల ఉద్యోగి, భారతీయ మూలాలున్న పశువైద్యురాలు ఆయిషా దంపతులు. వాళ్ల ఇంటి పెరట్లో బంధుమిత్రులకు మాంసం కాల్చి పెట్టే విందు. పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మూడు దాటి నాలుగుకు దగ్గరపడుతున్న హ్యూగో అవుటైనా ఒప్పుకోడు, బ్యాటు పైకెత్తుతాడు. తన కొడుకును ఎక్కడ కొడతాడోనని హెక్టర్ కజిన్ హ్యారీ పరిగెత్తుకొచ్చి పట్టుకుంటాడు. పిల్లాడు కాలితో తంతాడు. హ్యారీ చెంప మీద కొడతాడు. కథంతా ఆ దెబ్బ నుంచే. హ్యూగో ఇంకా తల్లి రోజీ దగ్గర పాలు తాగుతాడు. అది ఆ పెరట్లో అందరికీ తెలుసు, చాలామందికి కంటగింపు. దెబ్బ కొట్టినవాడు తప్పుచేశాడా, పిల్లాణ్ణి అలా పెంచిన తల్లి తప్పుచేసిందా అని పెరడు రెండుగా చీలినప్పుడు, రోజీకి వ్యతిరేకంగా నిలబడ్డవాళ్లకు ఆమె రొమ్మే మొదటి సాక్ష్యం.

పదిహేనో శతాబ్దపు పోతన తెలుగులో పలికించిన భక్తి కావ్యాన్నీ, పోలీసు కేసూ కోర్టూ నిండిన ఈ నగర నవలనూ ఒకచోట పెట్టడం ఏమిటని అడగొచ్చు. మోక్షం ఇచ్చే కథ ఒకటి, మనుషుల మీద నమ్మకం సడలించే కథ ఇంకొకటి. కానీ రెండింటిలోనూ వయసు దాటిన బిడ్డ రొమ్ము దగ్గరున్నాడు, చుట్టూ చూసేవాళ్లున్నారు. పిల్లాడు తిరిగి రొమ్ము దగ్గరకు రావడం తల్లీబిడ్డల మధ్య రెండు నిమిషాల సంగతి. దాన్ని కథగా మార్చేది పక్కనున్నవాళ్ల చూపు. ఆ చూపులో ఈ రెండు రచనలు ఎక్కడ విడిపోతాయో చూడాలి.

త్సియోల్కాస్ నవలలో ఎనిమిది భాగాలు, ఒక్కో భాగం ఒక్కొక్కరి చూపు: హెక్టర్, అనూక్, హ్యారీ, కాన్నీ, రోజీ, మనోలిస్, ఆయిషా, రిచీ. వృద్ధుడైన మనోలిస్ నుంచి బడి పూర్తిచేస్తున్న రిచీ దాకా ఎనిమిది జతల కళ్లు ఉన్నాయి, హ్యూగో కళ్లు లేవు. కథకు కేంద్రమైన పిల్లాడి లోపలికి రచయిత ఒక్కసారీ వెళ్లడు. ఇది మరుపు కాదు, ఎత్తుగడే. హ్యూగో ఎవరికి ఎలా కనిపిస్తే అలా ఉంటాడు. హ్యారీకి వాడు నెత్తికెక్కిన పిల్లాడు. పిల్లలు కావాలా వద్దా అనే తన సందిగ్ధంలో ఉన్న టీవీ రచయిత్రి అనూక్‌కు తన స్నేహితురాలు రోజీ తల్లితనంలో మునిగిపోయిన మనిషి. వాణ్ణి అప్పుడప్పుడూ చూసుకునే కుర్రకారు కాన్నీ, రిచీలకు మాత్రమే వాడంటే ముద్దు. పిల్లాడి గురించి అందరికీ అభిప్రాయం ఉంది, ప్రశ్న ఎవరికీ లేదు. నాలుగేళ్లు రాబోతున్న పిల్లాడు, అన్నం తినేవాడు, మాటలొచ్చినవాడు, విందు మధ్యలో తల్లి దగ్గరకెందుకు పోతున్నాడని పెరట్లో ఒక్కరికీ తోచదు. పాలు మాన్పించలేదు కనుక తాగుతున్నాడు, అంతే. అంటే అది పూర్తిగా రోజీ చేతకానితనం.

భాగవతంలో ఆ ప్రశ్న రెండుసార్లు వినిపిస్తుంది. మొదట బలరాముడు, తర్వాత కథ వింటున్న పరీక్షిత్తు. కన్నబిడ్డల మీద లేని ప్రేమ పరాయి బిడ్డడైన కృష్ణుడి మీద వ్రేపల్లెవాళ్లకెలా కలిగిందని రాజు కథ చెబుతున్న శుకుణ్ణి నిలదీస్తాడు. ఎవరికైనా అన్నిటికంటే ప్రియమైంది ఆత్మ, కృష్ణుడు అందరి ఆత్మ అని శుకుడి జవాబు. ఆ జవాబు భక్తుడికి చాలు. విమర్శకుడికి జవాబు కంటే ప్రశ్నే ముఖ్యం. అయిదేళ్ల పిల్లాడు రొమ్ము తాగుతుంటే బలరాముడు ముక్కు మీద వేలేసుకోలేదు, కారణం వెతికాడు. ఆవుల్ని అదుపు చేయలేక కోపంతో కొండ దిగివచ్చిన పెద్ద గోపకులు కూడా అంతే. దారి దుర్గమం, వాళ్లు అలిసిపోయి ఉన్నారు, సిగ్గుపడీ ఉన్నారు. తీరా దూడల పక్కన తమ పిల్లల్ని చూసేసరికి కోపం ఎటుపోయిందో పోయింది. ఎత్తుకుని, తల మూర్కొని, కళ్లనీళ్లతో అతి కష్టం మీద వెనుదిరిగారు. పిల్లాడి మీదికి కోపంతో పరిగెత్తుకొచ్చే మగవాడు రెండు కథల్లోనూ ఉన్నాడు. ఒకచోట చేయి చెంప మీద పడింది, మరొకచోట అదే చేయి పిల్లాణ్ణి ఎత్తుకుంది.

దెబ్బ మాట వచ్చింది కనుక యశోద బెత్తం గురించి చెప్పుకోకుండా ముందుకెళ్లలేం. పెరుగు చిలుకుతున్న యశోద దగ్గరకు కృష్ణుడు పాల కోసం వస్తాడు. కవ్వం పట్టుకుని ఆపేస్తాడు. ఆమె ఒడిలో పెట్టుకుని ఇస్తుంది. అంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. తనివి తీరని బిడ్డను దించేసి ఆమె పరిగెడుతుంది. వాడు పెదవి కొరుక్కుని, దొంగ ఏడుపుతో కుండ పగలగొట్టి, లోపలికి పోయి వెన్న తింటాడు. ఇక్కడ పిల్లాడు పాలు మానినవాడు కాడు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. అయినా వాడికి ఆకలి కాదని తెలుస్తూనే ఉంది. ఇంటినిండా వెన్న, పెరుగు, మీగడ. వాడు ఆపింది కవ్వాన్ని; కావలసింది తల్లి చేతులు ఆ పని వదిలి తన మీదికి రావడం. మధ్యలో లేచిపోయిందన్న కోపమే కుండ పగలడానికి కారణం. ఆ పరుగులో, ఆ అలకలో ఉన్న చంటితనాన్ని పోతన చేతుల్లో చదివినవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

తర్వాత యశోద కర్ర పట్టుకుని వెంటపడుతుంది. దొరికాక, కాటుక కళ్లు నలుపుకుంటున్న వాడి భయం చూసి కర్ర పారేస్తుంది. రోటికి కట్టబోతే తాడు రెండంగుళాలు తక్కువవుతుంది, ఎన్ని తాళ్లు కలిపినా అంతే. అంతకుముందు ఊరి గోపికలు వరసగా వచ్చి, నీ కొడుకు మా ఇంట్లో ఇది చేశాడు అది చేశాడని చాడీలు చెప్పి పోయారు. ఆ చాడీల ఘట్టం పోతన చేతిలో పసందైన హాస్యం. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఊరంతా ఆ పిల్లాడితో విసిగినా ఎవరూ వాడి మీద చేయి వేయలేదు. ఫిర్యాదు తల్లి దగ్గరకొచ్చింది, శిక్ష తల్లి చేతిలో ఉంది, ఆ శిక్ష కూడా సగంలో జారిపోయింది. త్సియోల్కాస్ పెరట్లో గోపికల చాడీలు లేవు. విందుకొచ్చినవాళ్లు మర్యాదకు లోపల్లోపల గొణుక్కున్నారు. ఎవరూ రోజీ ముఖాన, నీ కొడుకుతో మాకు ఇబ్బందిగా ఉందమ్మా అనలేదు. ఆ మాట బయటికి రాక చేయి లేచింది. నవలలో నాకు అన్నిటికంటే నిజమనిపించింది ఇదే. ఇరుగుపొరుగు కలిసి పిల్లల్ని పెంచే ఊరి అలవాటు పోయి, ఎవరి పిల్లలు వాళ్ల సొంత ఆస్తి అయిన నగరంలో దెబ్బ అలాగే వస్తుంది. కేసు కోర్టుకెక్కుతుంది, అక్కడ కొట్టేస్తారు, స్నేహాలు తెగుతాయి.

త్సియోల్కాస్‌కు అన్యాయం చేయకూడదు. రోజీని అందరి చేతా తిట్టించి వదల్లేదు, ఆమెకంటూ ఒక భాగం ఇచ్చాడు. తాగుబోతు భర్త, చాలని డబ్బు, వీటి మధ్య కొడుకు ఒడిలో ఉన్నంతసేపే తన బతుకు సరిగా ఉందనుకునే స్త్రీ కనిపిస్తుంది. అక్కడే నవల ఒక కీలకమైన అనుమానం మన చేతిలో పెడుతుంది: ఎవరు ఎవరి దగ్గర ఊరట వెతుకుతున్నారు? బిడ్డ తల్లి దగ్గరా, తల్లి బిడ్డ దగ్గరా? భాగవతం ఈ అనుమానాన్ని వేరే దారిలో ఎదుర్కొంది. అక్కడ పాలు బిడ్డ అడగకముందే చేపుకొస్తాయి. ఆవులు దూడల పిలుపు విని రాలేదు, చూసి వచ్చాయి. కోరిక తల్లిది కూడా అని ఆ కావ్యం దాపరికం లేకుండా ఒప్పుకుంది. మెల్‌బోర్న్ పెరడు రోజీని క్షమించలేకపోయింది సరిగ్గా దీనికే. తల్లికి కూడా అది ఇష్టమై ఉండొచ్చన్న ఊహనే వాళ్లు భరించలేకపోయారు.

నవలను ఆస్ట్రేలియా టీవీ సంస్థ ఏబీసీ 2011లో ఎనిమిది భాగాల ధారావాహికగా తీసింది. మెలిస్సా జార్జ్ రోజీగా నటించింది; 2015లో అమెరికాలో మళ్లీ తీసినప్పుడూ ఆ పాత్ర ఆమెదే. తెరమీద ఒక ఇబ్బంది వచ్చిపడుతుంది. పుస్తకంలో హ్యూగో పెద్దల చిరాకులోంచే కనిపిస్తాడు. కెమెరాకు ఆ దారి లేదు, పిల్లాడి ముఖాన్ని చూపించక తప్పదు. ముఖం కనిపించాక, వాడు చిన్నపిల్లాడని వాదించే పని ఎవరికీ ఉండదు.

రోజీ వెనక ఆ నగరానికి చెందిన ఒక చరిత్ర ఉంది. సీసాపాలు రాజ్యమేలుతున్న రోజుల్లో, 1964లో, ఇదే మెల్‌బోర్న్‌లో మేరీ పేటన్ మరి కొందరు తల్లులతో కలిసి నర్సింగ్ మదర్స్ అసోసియేషన్ పెట్టింది. పాలిచ్చిన తల్లి పాలివ్వాలనుకునే తల్లికి తోడు నిలవడం దాని పద్ధతి. 2001 నుంచి దాని పేరు ఆస్ట్రేలియన్ బ్రెస్ట్‌ఫీడింగ్ అసోసియేషన్. దేశవ్యాప్త ఫోన్ సాయం నడుపుతున్న సంస్థ అదే. చట్టమూ కలిసొచ్చింది. లింగ వివక్ష చట్టానికి 2011లో చేసిన సవరణ పాలిచ్చే తల్లి పట్ల వివక్షను విడిగా పేర్కొంది. 2003లో విక్టోరియా శాసనసభలో పదకొండు రోజుల బిడ్డతో కూర్చున్న కర్స్టీ మార్షల్‌ను బయటికి పంపారు. 2017లో లారిస్సా వాటర్స్ సెనేట్‌లోనే కూతురికి పాలిచ్చింది. జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2012 మార్గదర్శకాలు ఏడాది దాకా, ఆపైన తల్లీబిడ్డలు కోరుకున్నంత కాలం పాలివ్వమంటున్నాయి. కాగితం మీద రోజీకి ఏ అడ్డూ లేదు. కానీ 2010 జాతీయ సర్వే ప్రకారం తల్లిపాలతో మొదలుపెట్టినవాళ్లు 96 శాతమైతే, ఆరో నెల దాకా మరేదీ పెట్టకుండా తల్లిపాలే ఇచ్చినవాళ్లు 15 శాతం. అలాంటి దేశంలో నాలుగేళ్ల పిల్లాడు రొమ్ము దగ్గర కనిపిస్తే కళ్లు తిరగడంలో ఆశ్చర్యం లేదు. చట్టం కాపాడింది చంటిబిడ్డ తల్లిని. ఎదిగిన బిడ్డ తల్లి మాత్రం ఒంటరిదే.

ఈ దేశపు డాలరు నాణెం మీద అయిదు కంగారూలున్నాయి. ఎర్ర కంగారూ పిల్ల దాదాపు ఎనిమిది నెలలకు సంచి విడిచి బయటపడుతుంది. అయినా ఏడాది వచ్చేదాకా తల వంచి సంచిలోకి పెట్టి తన పాత చన్నునే వెతుక్కుని తాగుతుంది. అప్పటికే లోపల వేలెడంత కొత్త పిల్ల ఇంకో చన్నును పట్టుకుని ఉంటుంది. తల్లి ఒకేసారి రెండు రకాల పాలు తయారుచేస్తుంది, పెద్దదానికి చిక్కనివి, చిన్నదానికి పలచనివి. గోవర్ధనం ఆవుల పనిలో బలరాముడికి దైవమాయ కనిపించింది. ఆస్ట్రేలియాలో అదే పని ఏ గడ్డిబీడులోనైనా మామూలు. ఈ పోలికను మనుషుల దాకా లాగి నీతి తీయబోను, కంగారూ పిల్ల ఇంకా పాలు మాననే లేదు గనక. ఎనిమిది మంది పాత్రల్లో పశువైద్యురాలు ఒకామె ఉన్నా నవలలో ఎవరూ ఇటు చూడలేదన్నది మాత్రం నాకు కాస్త వెలితి.

మళ్లీ మన కావ్యం దగ్గరకొస్తే, అక్కడా ఒక ఖాళీ ఉంది. ఏడాది తర్వాత బ్రహ్మ తల వంచి అసలు పిల్లల్ని తిరిగి ఇచ్చేశాడు. వాళ్లకు ఆ ఏడాది అరక్షణం. నువ్వు లేకుండా ఒక్క ముద్దా తినలేదని కృష్ణుడితో అన్నారు. సాయంత్రం ఇళ్లకు పోయారు. ఎప్పుడో పాలు మానేసిన పిల్లాడు గుమ్మంలోకి రాగానే, ఏడాదిగా పాలిస్తున్న తల్లి ఎత్తుకుని పైట సర్దుకుంటుంది. వాడు తాగాడా? సిగ్గుపడి పారిపోయాడా? ఎలా తాగాలో మరిచిపోయి తల్లి ముఖం చూశాడా? కథ దీని గురించి ఒక్క మాట అనదు. దేవుడే పిల్లాడై తాగినంతసేపు అందరి కళ్లూ అక్కడే ఉన్నాయి. మామూలు పిల్లాడు ఇంటికి రాగానే కావ్యం వేరే లీలకు వెళ్లిపోయింది. తెలుగువాళ్లం యశోద ఒడిలో కృష్ణుణ్ణి పాడుకుంటూనే మన ఇంటి రెండేళ్ల వాడికి రొమ్ము మీద వేపాకు ముద్ద రాసి పెట్టడానికి కారణం ఇక్కడ ఉందేమో. ఆ హక్కు కృష్ణుడికే చెల్లింది. మిగిలినవాళ్లు వచ్చి అడిగితే, ఇంత పెద్దయ్యావు సిగ్గులేదూ అంటాం, కాకెత్తుకుపోయింది అంటాం. మెల్‌బోర్న్ పెరడు రోజీని ఎగతాళి చేసింది, మన నడవ పిల్లాణ్ణే ఎగతాళి చేస్తుంది. రెండింటిలో ఏది మేలో నేను తేల్చలేను గానీ, మనది పాత అలవాటు కాబట్టి దయగలదని మాత్రం అనుకోను.

ఈ రెండు పద్ధతులూ ఒకే ఇంట్లో కలిసే చోటు ఆస్ట్రేలియాలోనే ఉంది. 2021 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవాళ్లు 59 వేల దాకా ఉన్నారు. పురిటికి అమ్మమ్మ వస్తుంది, వీసా ఉన్నన్నాళ్లు ఉంటుంది. తల్లి ఉద్యోగంలో చేరాల్సి వస్తుంది, పిల్ల శిశుసంరక్షణ కేంద్రానికి పోవాలి, కనుక అమ్మమ్మ ఉండగానే మాన్పించడం తెలివైన పని. అమ్మమ్మ పక్కన పడుకోబెట్టుకుని కథలు చెబుతుంది, నాలుగు రాత్రుల ఏడుపుతో అయిపోతుంది. తర్వాత వీసా గడువు ముగిసి అమ్మమ్మ విమానం ఎక్కుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. నెలల క్రితం మానేసిన పిల్ల అర్ధరాత్రి తల్లి జాకెట్టు లాగుతుంది. ఫోన్లో అమ్మమ్మ, "వేపాకు రాయవే, అదే మానుతుంది" అంటుంది. మెల్‌బోర్న్‌లో ఆకు దొరకడం కష్టం, ఇండియన్ స్టోర్లో పొడి దొరుకుతుంది. (ఉత్తరాన మాత్రం వేప అదుపు తప్పి పెరిగింది, నార్తర్న్ టెరిటరీ దాన్ని కలుపు మొక్కల జాబితాలో చేర్చింది.) మాతా శిశు కేంద్రం నర్సు పాపకు ఏం కావాలో చూడమంటుంది. పిల్లకు ఏం కావాలి? పాలు అప్పటికి ఇంకిపోయి ఉంటాయి, మహా అయితే నాలుగు చుక్కలు. ఆ సంగతి పిల్లకూ ఒక్క గుటకలో తెలిసిపోతుంది. చాలామంది పిల్లలు నోరు ఆనించి, పట్టడం చేతకాక, నవ్వేసి, తల అక్కడే పెట్టుకుని నిద్రపోతారు. పోయింది అమ్మమ్మ. వెతుక్కుంటున్నది ఆ పక్కనుండే ఒంటి వేడిని.

మాన్పించిన తర్వాత తిరిగి మొదలుపెట్టడం శరీరానికి అసాధ్యం కాదు. చీకుతూ ఉంటే ప్రొలాక్టిన్ పెరిగి పాలు మళ్లీ ఊరతాయి, ఆక్సిటోసిన్ చేపు తెస్తుంది. బిడ్డ ఏడుపు వినగానే, బిడ్డను చూడగానే చేపు రావడం ఆడవాళ్లకు తెలిసిందే. దూడను వదిలితేగానీ చేపని ఆవులు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. గోవర్ధనం మీద ఆవుల్ని చూపుతోనే చేపించిన కవికి పశువుల సంగతి బాగా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో పాలు తిరిగి తెచ్చుకోవడం మీద ఒక పుస్తకమే ప్రచురించింది. అంతకు ముందే, 1993లో, ఆస్ట్రేలియాకు చెందిన వర్జీనియా ఫిలిప్స్ ఏడాది దాటిన పిల్లల కోసం తిరిగి పాలు తెచ్చుకున్న తల్లుల గురించి ఒక వైద్య పత్రికలో రాసింది. పసిబిడ్డ ప్రాణం నిలబెట్టడానికి పాలు తెచ్చుకోవడం అందరూ ఒప్పుకునే అవసరం. అన్నం తినే పిల్లాడి కోసం తెచ్చుకోవడమంటే, ఆహారం కాని కారణాన్ని కూడా కారణంగా ఒప్పుకోవడం.

వెస్టర్న్ సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కార్లీన్ గ్రిబుల్ ఈ దారిలో ఇంకా ముందుకెళ్లింది. అనాథాశ్రమాల నుంచి దత్తతకొచ్చిన పిల్లలు కొందరు కొత్త తల్లి రొమ్మును తమంతట తామే వెతుక్కోవడం గురించి 2005లో రాసింది. అది చదివితే దశమ స్కంధం ఉత్తర భాగంలో దేవకి గుర్తొస్తుంది. కంసుడు చంపిన ఆరుగురు కొడుకుల్నీ కృష్ణుడు సుతలం నుంచి తెచ్చి ఆమె ముందు నిలబెడతాడు. కృష్ణుడు అప్పటికి పెళ్లిళ్లయి పెద్దవాడైన మనిషి. అయినా చూడగానే ఆమెకు పాలు చేపుకొస్తాయి, ఆరుగురికీ ఇస్తుంది. తల్లి ఒడిలో పెరగని పిల్లలకు ఎన్నో ఏళ్ల తర్వాత అందిన పాలు అవి. యశోద ఘట్టానికి ఉన్న పేరు దీనికి లేదు, ఉండాల్సింది. పోగొట్టుకోవడం, ఆలస్యంగా దొరకడం, ఈ రెంటినీ ఒకే సన్నివేశంలో పెట్టిన చోటు మన సాహిత్యంలో మరొకటి నాకు తట్టడం లేదు.

2009లో గ్రిబుల్ ఇంకో పని చేసింది. బలరాముడి ప్రశ్నను నేరుగా పిల్లల ముందు పెట్టింది. పాలు మానకుండా మాటలు వచ్చేదాకా ఎదిగిన పిల్లల్ని, మీకిది ఎలా ఉంటుందని అడిగించింది. చాక్లెట్ అంత బాగుంటుంది, ఐస్‌క్రీం కంటే బాగుంటుంది అన్న జవాబులు వ్యాసం పేరులోకే ఎక్కాయి. హ్యూగోకు త్సియోల్కాస్ ఇవ్వని తొమ్మిదో భాగం ఇదేననిపిస్తుంది. అయితే అక్కడ మాట్లాడింది అడిగితే దొరుకుతున్న పిల్లలు. మానిపించాక తిరిగొచ్చి, చేదు తగిలి, ఏడ్చి వెనక్కిపోయిన పిల్లల మాట ఆ వ్యాసంలో లేదు. హ్యూగోకు రోజీ ఎప్పుడూ కాదనలేదు కనుక నవలకు ఆ పిల్లలతో పని పడలేదు. వ్రేపల్లెలోనూ అలాంటివాడు ఒక్కడూ కనబడడు, ఆ ఏడాదంతా అందరి ఇళ్లలోనూ ఉన్నది కృష్ణుడే.